దొర కుర్చీ

గుడి నేల సగం ఊడ్చేసరికి సీమోనుకు ఆయాసం వచ్చింది. చీపురు గోడకు ఆనించి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి అందేదాకా నిలబడ్డాడు. తర్వాత రోజూ చేసే పనే చేశాడు. శిలువ ఉన్న బల్ల ముందు నుంచి వెడల్పు చేతుల టేకు కుర్చీని ఎత్తి, పొట్టకు అదుముకుని, వెనక గోడ దాకా మోసి దించాడు. దాని చేతులకు కట్టిన పసుపు దారాలను గోటితో తెంపి, పొయ్యిలో వేయడానికి జేబులో కుక్కుకున్నాడు.

అది తెల్లదొర కుర్చీ. కొండాపూర్ దగ్గరి ఆ పల్లెలో గుడి కట్టించింది ఆయనే. కరువులో గంజి పోయించిందీ ఆయనే. రజాకార్ల గొడవకు ముందే తన దేశం పోయి, అక్కడే చనిపోయాడు. ఉన్నన్నాళ్లూ ఎవరైనా మొక్కబోతే కాళ్లు వెనక్కి లాక్కునేవాడు. కుర్చీ తన కాళ్లు లాక్కోలేదు. జనం మొదట దాన్ని తాకి కళ్లకద్దుకున్నారు. తర్వాత దీపం పెట్టారు. ఆ తర్వాత దారాలు వచ్చాయి.

భార్య రాజవ్వకు కాన్పు కష్టమైన రోజు సీమోను సంగారెడ్డి దవాఖానకు బండి కట్టాడు. "కుర్చీకి దారం కట్టిన, పొద్దుగూకేదాకా ఆగు" అంది ఆమె అక్క మొగులమ్మ. ఆగాడు. పొద్దు గూకింది, రాజవ్వ పోయింది, కడుపులో బిడ్డా పోయింది. అప్పటినుంచి మొగులమ్మ ఇంట్లో అతను మంచినీళ్లు ముట్టలేదు.

ఆ రోజు కోతపండుగ. తొలిపంట దేవుడికి తెచ్చే రోజు. ఆడవాళ్లు గంపలతో వచ్చారు. జొన్నకంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. మొగులమ్మ నేరుగా వెనక గోడ దగ్గరికి పోయి కుర్చీని ఈడ్చుకొచ్చింది. కొంగుతో తుడిచి, తన గంపలోని మొదటి కంకిని దాని మీద పెట్టింది.

"వదినె, కంకి బల్లమీద పెట్టు."

"రెండోది పెడ్త. మొదటిది దొరకు."

"తొలికంకి దేవునిది."

"దేవుణ్ణి ఎవరు సూసిండ్రు మరిదీ? దొరను సూసినం. గంజి పోసిండు." ఆమె మిగతావాళ్ల వైపు తిరిగింది. "గింత కడుపుమంట ఏందమ్మా ఈనికి? నువ్వు గూడ సచ్చిపో, నీ చీపురుకట్టకు గూడ మొక్కుతం తియ్యి!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

సీమోను బయటికి నడిచాడు. పండుగ అన్నం ఉడుకుతున్న పొయ్యి దగ్గర గొడ్డలి ఉంది. తెచ్చాడు. పాత టేకు తొందరగా విరగలేదు. అతని దెబ్బ దెబ్బకీ ఆడవాళ్లు శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చారు. ముక్కలన్నీ మోసుకుపోయి పొయ్యిలో తోశాడు. ఆ మంట మీద ఉడికిన అన్నాన్ని ఎవరూ ముట్టలేదు.

గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి దానియేలు వచ్చి, పొయ్యినీ జనాన్నీ చూసి, అతన్ని పక్కకు పిలిచాడు.

"సీమోనూ, వాక్యం నీ దిక్కే ఉన్నది. జనం లేరు. రేపటిసంది పనిలకు రాకు."

"నువ్వెవరి దిక్కున్నవు పంతులూ?"

ఉపదేశి తల దించుకుని వెళ్లిపోయాడు.

సీమోను లోపలికి వచ్చి టేకు పేళ్లు ఊడ్చాడు. కుర్చీ కాళ్లు ఆనినచోట గచ్చు మీద నాలుగు మరకలు పడి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, పోయేదాకా రుద్దాడు. చీపురు గోడకు ఆనించాడు.

రోజూ సీమోను కొట్టే సాయంత్రం గంట ఆ రోజు మోగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లకు అతను అదే గోడకు ఒరిగి, రొమ్ము మీద చెయ్యితో కనిపించాడు. ఊపిరి అందేదాకా ఆగినట్టే ఉన్నాడు.

"దొర పట్టుకపోయిండు" అంది మొగులమ్మ. పాతిపెట్టారు.

కొన్నాళ్లకు మొగులమ్మ మనవడికి జ్వరం తగిలింది. దిష్టి తీయడానికి ఆమె గుడిలోని ఆ చీపురు తెచ్చి పిల్లవాడి చుట్టూ తిప్పింది. తెల్లారేసరికి జ్వరం దిగింది.

ఆదివారం ఉపదేశి తలుపు తీశాడు. ఎదురుగా చూశాడు, మళ్లీ తల దించుకున్నాడు. బల్ల ముందు, కుర్చీ ఉండేచోట, సీమోను చీపురు నిలబెట్టి ఉంది. అతని చెమటకు నల్లబడిన పిడికి కొత్త పసుపు దారం. పుల్లల మధ్య టేకు పేడు ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది.