తీగలు తప్పుగా అతికించడం ఎలా

టాక్ యోన్-జు మేడమ్ ఫోన్ చేసి, "మీరిచ్చిన యంత్రం చెడిపోయింది, వచ్చి తీసుకుపోండి" అన్నప్పుడు నేను భోంచేస్తున్నాను. ఎదురుగా అగూ చేప కారం కూర పొగలు కక్కుతోంది. మా మసాన్ ఊరిలో ఆ కూరని చల్లారాక ముట్టుకునేవాడు లేడు. అయినా లేచాను. సరుకు బాగాలేదన్న మాట ఒకసారి ఈ కాలేజీ కొండ దిగి ఊళ్లోకి వెళ్లిందంటే, దాన్ని వెనక్కి రప్పించడానికి ఎన్ని కూరలు వదులుకున్నా చాలదు.

మెడికల్ కాలేజీ వెనక గేటు ఎదురుగా నా దుకాణం. స్టెతస్కోపులు, తెల్లకోట్లు, చేతి తొడుగులు అమ్ముతాను. ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌కి ఈసీజీ యంత్రాలు అద్దెకిస్తాను. పిల్లలు తమలో ఒకళ్లని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటికి తీగలు అతికించి, ఆ గుండె గీసే గీతని కాగితం మీదికి దింపుతారు. దాని మీద రిపోర్టు రాస్తారు.

నేను వెళ్లేసరికి ల్యాబులో మేడమ్ ఒక్కతే ఉంది. ఆవిడ ఒప్పందం మీద పనిచేసే లెక్చరరు. దాన్ని పొడిగించాలో వద్దో ఈ వేసవిలో కాలేజీ తేలుస్తుంది. యంత్రం తెర మీద ఒక గీతని ఆపి ఉంచింది.

"చూడండి ప్యో గారూ. ముందు చిన్న గుట్ట, తర్వాత కాస్త చదును, ఆ తర్వాత నిటారు శిఖరం. ఉండాల్సింది అదీ. ఇందులో చదునే లేదు. గుట్ట దిగీ దిగకుండానే శిఖరం వాలుగా మొదలైపోయింది."

"ఎవరిదో గుండె అలాగే ఉందేమో."

"ఈ యంత్రం వాడిన వాళ్లందరి రిపోర్టులూ చూశాను. ప్రతి గీతా పాఠ్యపుస్తకంలో అచ్చేసినట్టుంది. కాబట్టి పాడైంది మీ యంత్రమే."

నా సరుకుని నా మొహం మీదే పాడైందంటే నేను ఊరుకోను. చొక్కా విప్పి బల్ల ఎక్కాను. "అతికించండి" అన్నాను. ఆవిడ అతికించింది. నా గుండె గుట్ట, చదును, శిఖరం వరసగా గీసింది. నమ్మకం లేక ఆవిడ తన చేతులకీ కాళ్లకీ తీగలు తగిలించుకుంది. అదీ బాగానే వచ్చింది. నేను గెలిచాను. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ నవ్వబోయి ఆవిడ మొహం చూశాను. రంగు పోయి ఉంది.

అప్పటికి గానీ నాకు లెక్క అందలేదు. యంత్రం బాగుందంటే, గుండె బాగాలేదన్నమాట. క్లాసులో ఒకళ్ల గుండె.

"పేరుండదా ఇందులో?"

"యంత్రం మీ పేరేంటని అడిగితే అందరూ పేరు బదులు ఒకటి అంకె నొక్కి ముందుకి పోయారు. టైపు చెయ్యడానికి బద్ధకం." కుర్చీలో కూర్చుని మళ్లీ లేచింది. "చాలామందికి దీంతో ఏమీ కాదు. ముసలివాళ్లయ్యేదాకా తెలియను కూడా తెలియదు. కానీ కొద్దిమందికి, గట్టిగా పరిగెత్తినప్పుడు, గుండె పగ్గం తెంచుకుంటుంది. కూలిపోతారు. ముందే తెలిస్తే నయం చేసేయొచ్చు. ఆదివారం ఆటల పోటీలు."

"మరి రిపోర్టుల్లో ఈ గీత ఎందుకు లేదు?"

ఆవిడ చెప్పక్కర్లేదు. ఈ గేటు ముందు దుకాణం నడిపేవాడికి అది తెలియకపోతే ఎలా. ఇక్కడ సీనియర్లు వదిలిపోయే పాత ప్రశ్నల, పాత రిపోర్టుల కట్టని జోక్‌బో అంటారు. ఇంటి వంశావళికి వాడే మాటే అది. వంశావళిలో తాతల పేర్లు ఎవరూ మార్చనట్టే ఇందులో అంకెలూ ఎవరూ మార్చరు. గీత వింతగా వస్తే పిల్లలు గుండెని అనుమానించరు, తీగలు తప్పుగా అతికించామనుకుంటారు. జోక్‌బో తెరిచి అందులోది ఎక్కించేస్తారు. ఒక్క సబ్జెక్టు పోతే సంవత్సరం మొత్తం మళ్లీ చదవాలి. అలాంటి చోట సొంత గీతని నమ్ముకునే ధైర్యం ఎవరికుంటుంది?

మర్నాడు మేడమ్ క్లాసులో ఆ గీత ఎవరిదని అడిగింది. ఎవరూ నోరు విప్పలేదు. మళ్లీ తీయించుకోవాలనుకున్నవాళ్లు ల్యాబుకి రావచ్చని, ఏమీ అడగనని చెప్పింది. సాయంత్రం దాకా తలుపు తెరుచుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. వచ్చారంటే రిపోర్టు దొంగదని ఒప్పుకున్నట్టేగా.

ఆ సాయంత్రమే క్లాస్ లీడర్ మా హ్యోన్-సో నా దుకాణానికి వచ్చాడు. వాడి వెనకాలే యోమ్ సూ-హా. పొడుగాటి పిల్ల, కాలేజీలో ఎవరి మాటకీ తలవంచని రకం. ఆదివారం రిలేలో చివరి పరుగు ఆమెదే.

"బాబాయ్, మోకాలికి చుట్టే పట్టీ ఇవ్వు. మంచిది. పోయినసారి ఇచ్చింది రెండు గంతులకే ఊడొచ్చింది."

"నువ్వు గంతులేస్తే ఇనుప గొలుసైనా ఊడొస్తుందే తల్లీ."

"నర్సింగ్ కాలేజీ వాళ్లని ఓడిస్తే నీ దుకాణం పేరు చెప్తాలే. ఊరికే ప్రచారం. పట్టీ మటుకు ఊరికే ఇచ్చెయ్."

"ఓడిపోతే?"

"ఓడిపోతే వీడిది తప్పు" అని హ్యోన్-సో వీపు మీద చరిచింది. "మూడో పరుగు వీడిది. బాతులా పరిగెత్తుతాడు."

వాడు నవ్వలేదు. గాజు బల్ల మీద గోటితో గీస్తూ నిలబడ్డాడు. సూ-హా పట్టీ పట్టుకుని బయటికి నడిచాక నెమ్మదిగా అడిగాడు.

"బాబాయ్, ఆ యంత్రం నిజంగా బాగానే ఉందా?"

"నా గుండె మీద పెట్టి చూశాను. బంగారం."

"తీగలు తప్పుగా పెడితే గీత పాడవుతుంది కదా? అవుతుంది కదా?"

"పెట్టింది నువ్వా?"

"నేనేం అనలేదు." వెంటనే బెదిరిపోయాడు. "బాబాయ్, మా నాన్న చేపల పడవ అమ్మి చదివిస్తున్నాడు. నేనొక్కణ్ణే కాదు. ఒకళ్ల పేరు బయటికొస్తే ముప్పైమంది పేర్లొస్తాయి. నేను లీడర్ని. అందరి సంవత్సరం నా నెత్తిన పడుతుంది."

బయట నుంచి సూ-హా అరిచింది. "ఒరేయ్ బాతూ, వస్తున్నావా, గుడ్డు పెడుతున్నావా?"

వాడు వెళ్లిపోయాడు. నేను సామాన్లు సర్దబోయి ఒకదాని చోట ఇంకొకటి పెట్టాను. వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. కొనేవాడు కర్ర పట్టుకుని నిలబడితే ఎవరూ సరుకు బయట పెట్టరు. ఆ పిల్లాడి దగ్గర నిజం ఉంది. దాన్ని చెప్పడానికి వాడు చెల్లించాల్సిన ధర ముప్పైమంది సంవత్సరం. అంత ధరకి నేనైనా చెప్పను.

ఈ మాటే మేడమ్‌తో అన్నాను. ఆవిడ ల్యాబులో అటూ ఇటూ తిరుగుతూనే విన్నది.

"ధర తగ్గించడం నా చేతిలో లేదు. హెడ్ గారి చేతిలో ఉంది. ఇప్పుడే వచ్చాను ఆయన దగ్గర్నుంచి."

హెడ్ నామ్‌గుంగ్ గారు చెడ్డవాడు కాదు. రిటైరు కాబోతున్న మనిషి. ఆయన ఇలా అన్నారట: "నేను ఆ రిపోర్టులు తెరిచి చూశానంటే ముప్పైమందిని ఫెయిల్ చెయ్యాలి. తెరవకపోవడమే నేను వాళ్లకి చెయ్యగల మేలు. నువ్వు కూడా యంత్రం తప్పని రాసెయ్యమ్మా. పిల్లలకి ఆరోగ్య పరీక్ష బలవంతంగా చేసే అధికారం మనకి లేదు."

"హ్యోన్-సోకి తెలుసు. వాణ్ణి పిలిచి అడగండి" అన్నాను.

"అడిగితే అబద్ధం చెప్తాడు. ఒకసారి చెప్పాక ఇక దాన్నే పట్టుకుని వేలాడాలి. అప్పుడు ఎప్పటికీ బయటికి రాదు." కిటికీ దాకా వెళ్లి, సముద్రం వైపు చూసి, వెనక్కి తిరిగింది. "తీగలు తప్పుగా పెడితే ఇలా వస్తుందేమోనని అడిగాడన్నారు కదూ?"

"అవును."

"మంచి ప్రశ్న. నా క్లాసులో ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు." ఒక్కసారిగా ఆగిపోయింది. "ప్యో గారూ, మీ దగ్గర ఎన్ని యంత్రాలున్నాయి? అన్నీ కావాలి. అతికించే బిళ్లలు కూడా. లెక్క చూసుకోకండి, తెచ్చెయ్యండి."

లెక్క చూసుకోకండి అన్న మాట నా చెవిలో మేకులా దిగింది. అయినా మర్నాడు క్లాసుకి తెచ్చాను. తెచ్చి, వెళ్లకుండా లెక్చర్ హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా యంత్రాలు పిల్లల చేతుల్లో ఉంటే నాకు కాలు నిలవదు.

మేడమ్ పాఠం చెప్పలేదు. బల్ల మీద తనే పడుకుని, కుడిచేతి తీగ ఎడమచేతికి, ఎడమది కుడికి పెట్టించుకుంది. తెర మీద మొదటి వరస గీత తలకిందులైంది. పిల్లలు గొల్లుమన్నారు. నోట్సు రాయబోయిన వాళ్లని ఆపేసింది.

"రాయకండి. ఇవాళ్టి పని, తీగలు తప్పుగా అతికించడం. ఎన్ని రకాలుగా వీలైతే అన్ని రకాలుగా." తెర మీదికి ఆ పేరులేని గీతని తెచ్చింది. "ఇదీ మీ క్లాసులో ఎవరిదో గీత. తీగల తప్పే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. ఏ తప్పు చేస్తే ఇలా వస్తుందో కనిపెట్టండి. కనిపెట్టిన వాళ్లకి ఈ ప్రాక్టికల్‌లో పూర్తి మార్కులు. కనిపెట్టలేకపోయినా పూర్తి మార్కులే."

"పాత రిపోర్టు సంగతేంటి మేడమ్?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏ రిపోర్టు?" అంది ఆవిడ. అంటూ నా వైపు చూసింది. ఆవిడ ఒప్పందం సంగతి నాకు గుర్తొచ్చింది. ధర తగ్గించలేనని చెప్పిన మనిషి, మొత్తం తనే చెల్లించేసింది.

హాలు సంతలా మారింది. పాదానికి పెట్టాల్సింది చేతికి పెట్టారు, గుండె మీద పెట్టాల్సింది పొట్ట మీద పెట్టారు. ఒకడు తీగ చెవికి తగిలించుకుని నవ్వించాడు. గీతలు తిరగబడ్డాయి, కుంగాయి, వణికాయి. కానీ ఆ వాలు రాలేదు. గుట్టకీ శిఖరానికీ మధ్య చదును ఏ తప్పుకీ పోలేదు. నవ్వులు నెమ్మదిగా తగ్గాయి. "ఇలా రావట్లేదు మేడమ్" అంది ఒక పిల్ల. "ఎందుకు రావట్లేదు?" అంది ఆవిడ. "తీగలు చూసే చోటు మారితే బొమ్మ తిరగబడుతుంది. కానీ ఎంతసేపు ఆగిందన్నది ఎటు నుంచి చూసినా మారదు కదా, అంటే..." ఆ పిల్ల వాక్యం పూర్తి చెయ్యలేదు. పక్కవాళ్ల మొహం చూసింది.

హ్యోన్-సో ఏ బల్ల దగ్గరా లేడు. కుర్చీల మధ్య దారిలో నిలబడి ఉన్నాడు.

సూ-హా వాడి చెయ్యి పట్టి లాగింది. "రా బాతూ, నన్ను పడుకోబెట్టి అతికించు. పోయినసారి నువ్వు తప్పుగా పెట్టావు కదా, అదే మళ్లీ పెట్టు. మార్కులు మనవే."

"వద్దు" అన్నాడు.

"ఏం వద్దు?"

"నేను తప్పుగా పెట్టలేదు." మేడమ్ వైపు తిరిగాడు. "మేడమ్, అది సూ-హా గీత. మూడుసార్లు తీశాం. మూడుసార్లూ అలాగే వచ్చింది. నేనే తీగల తప్పన్నాను. నేనే జోక్‌బోలోది ఎక్కించమన్నాను."

సూ-హా వాణ్ణి చూసింది, మేడమ్‌ని చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే బల్ల ఎక్కి పడుకుంది. మేడమ్ సరిగ్గా, ఒక్కొక్కటే అతికించింది. తెర మీద అదే వాలు వచ్చింది.

"నేను ఆదివారం పరిగెత్తనా?"

"పరిగెత్తవు."

"ఎన్నాళ్లు?"

"గుండె డాక్టరు చూసి చెప్పేదాకా. ఇప్పుడే వెళ్దాం."

"నేనూ డాక్టర్నే కాబోతున్నాను కదా." కోపంతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే నువ్వే చెప్పు. ఏం కనిపిస్తోంది?"

అలాంటి సమయంలో ప్రశ్న అడగడం నాకు క్రూరంగా అనిపించింది. అడ్డు పడదామని అడుగు ముందుకి వేశాను. కానీ సూ-హా తీగలతో అలాగే లేచి కూర్చుని తెర వైపు వంగింది.

"పై గదులు ముడుచుకున్నాయి, ఈ గుట్ట అదే. కబురు కింది గదులకి వెళ్లే ముందు ద్వారం దగ్గర ఆగాలి. పై గదుల్లో రక్తం కిందికి దిగేదాకా ఆగాలి. ఆ ఆగడమే చదును." వేలు వాలు మీద పెట్టింది. "నాలో ఇంకో దారి ఉంది. అందులో ద్వారం లేదు. కబురు ఆగకుండా వెళ్లిపోతోంది. మామూలప్పుడు పర్లేదు. పై గదులు పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయంటే ఆ పిచ్చంతా..." వేలు తెర మీంచి తీసి పూర్తి చేసింది. "ఆపేవాళ్లు లేక ఆ పిచ్చంతా కిందికి వచ్చేస్తుంది."

ఎవరూ నోట్సు రాయలేదు. అందరూ తమ బల్లల మీద యంత్రాల వైపు చూస్తున్నారు. ఒకడు నెమ్మదిగా పడుకుని, "నాది సరిగ్గా పెట్టరా" అన్నాడు.

తలుపు దగ్గర నామ్‌గుంగ్ గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. "టాక్ గారూ, ఆ రిపోర్టుల సంగతి మనం మాట్లాడాలి" అన్నారు.

"మాట్లాడదామండీ" అంది మేడమ్, సూ-హా ఒంటి మీద బిళ్లలు ఊడదీస్తూ. "ముందు ఆసుపత్రికి వెళ్లొస్తాం."

హ్యోన్-సో సూ-హా బూట్లు చేతిలో పట్టుకుని ముందుకి వచ్చాడు. ఆమె వాటిని లాక్కుని, తొడుక్కుని, వాడికేసి చూడకుండా అంది. "చివరి పరుగు నువ్వే పరిగెత్తాలి. బాతులా పరిగెత్తావో, చంపేస్తాను."