ఆకు పెట్టని బుట్ట

"లునెట్, అమ్మ పక్క తడిపింది. ఆ బుట్ట ఎక్కడికీ పారిపోదులే, ముందొచ్చి మార్చు."

భర్త ప్రాస్పర్ ఆ మాట అన్నది నిన్న మధ్యాహ్నం, ఊయలలో పడుకుని. అప్పటికి లునెట్ బుట్ట లోపలి పొర అల్లడం ముగించి, దాని చుట్టూ కప్పడానికి అడవి అరటి ఆకు చేతిలోకి తీసుకుంది. రెండు పొరల నడుమ ఆ ఆకు ఉంటేనే తమ ఊరు సలీబియా బుట్టలో నీళ్లు నిలుస్తాయి. ఆకు పక్కన పెట్టి లేచింది. అత్తగారిని ఒత్తిగిలజేసి, తుడిచి, దుప్పటి మార్చి, తడిసినది ఉతికి ఆరేసేసరికి "రేపు ఓడ వస్తుంది, నా చొక్కా ఏదీ?" అన్నాడు. చొక్కా తర్వాత పొయ్యి. పొయ్యి దగ్గర్నుంచి వచ్చి కూర్చుని, ఆకు పెట్టేశాననే అనుకుని పై పొర అల్లేసింది.

ఆ సంగతి ఆమెకు గుర్తొచ్చింది ఇప్పుడు, రోజో పట్నం రేవు పక్క బజారులో, ఓడ దిగిన విహారయాత్రికులు తమ బుట్టల బల్ల చుట్టూ మూగాక.

ప్రాస్పర్ ఇస్త్రీ చొక్కాలో వెలిగిపోతున్నాడు. వెనక పీట మీద లునెట్ అల్లుతూ కూర్చుంది. అలా కూర్చోవాలి, వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. "మా తాతల విద్య ఇది. నాతో ఆగిపోతుందేమోనని నా బెంగ," అంటున్నాడు. ఎవరైనా లునెట్ వైపు చూస్తే "మా ఆవిడ. సాయం చేస్తుంటుంది," అంటాడు. వాగు గట్టున రెల్లు కొయ్యడం సాయం. మోపు నెత్తిన పెట్టుకుని కొండెక్కడం సాయం. వేళ్లు తెగుతున్నా దాన్ని చీల్చి, గీకి, నలుపెక్కడానికి మోకాలి లోతు బురదలో పాతిపెట్టి, మళ్లీ వెళ్లి తవ్వి తీసుకురావడం సాయం. అల్లడం కూడా సాయమే. ఇరవై రెండేళ్లుగా ఆమె సాయం చేస్తూనే ఉంది. అతను బుట్టలో నీళ్లు పోసి చూపిస్తూనే ఉన్నాడు. పక్కన వట్టివేరు చాపలమ్మే ఫిలోమిన్ ఒకసారి అననే అంది, "మీ ఆయనవి వెన్నముద్దల్లాంటి చేతులే తల్లీ. ఆ చేతులతో రెల్లు చీల్చానంటే రెల్లే నవ్వుతుంది."

ఇవాళ మామూలు రోజయితే లునెట్‌కి ఇంత దడ ఉండేది కాదు. పట్నంలో ఆడపిల్లలకు బుట్టలల్లడం నేర్పే బడి పెడుతున్నారు. పంతులమ్మగా ఒకరిని తీసుకుని నెలనెలా జీతమిస్తారట. ఆ కబురు ఫిలోమిన్ దగ్గర విని, తనకొస్తుందేమోనని ఆశపడి, ఇంటికి మోసుకొచ్చింది లునెట్టే. ప్రాస్పర్ దరఖాస్తులో తన పేరు రాసుకున్నాడు. "నలుగురిలో నీకు మాట పెగలదు. నేను మాట్లాడతాను, నువ్వు వెనక కూర్చుని అల్లు. తేడా ఏముంది?" అన్నాడు. ఏం తేడా ఉందో చెప్పడానికి ఆమెకు అప్పుడు నిజంగానే మాట పెగల్లేదు. ఎంపిక చేసే క్లెమెన్సియా గారు ఇప్పుడు ఆ గుంపులోనే, కాగితాల అట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇవి చైనా నుంచి వచ్చినవి కావుగా?" అని అడిగింది ఓడ దిగిన ఒకావిడ.

ప్రాస్పర్ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నీళ్ల చెంబు అందుకున్నాడు. రెండో చేత్తో తీసింది నిన్నటి బుట్ట.

"అది వద్దు, ఇంకోటి తీసుకో," అంది లునెట్.

"నువ్వు నోరు మూసుకుని అల్లు," అన్నాడు నవ్వుతూనే, ఓడ దిగినవాళ్లకు తెలియని తమ ఇంటి భాష పటువాలో. ఆమె చేతిలోని అల్లిక మీదికి వంగింది.

అతను పోసిన నీళ్లు బుట్ట అడుగు నుంచి ధారలు కట్టి ఆవిడ తెల్ల బూట్ల మీద పడ్డాయి. క్లెమెన్సియా గారు కళ్లజోడు సర్దుకున్నారు. ప్రాస్పర్ ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"ఇది నేను చేసింది కాదండీ. మా ఆవిడ అల్లింది. నేర్పుతున్నాను, ఇంకా చెయ్యి తిరగలేదు."

ఇరవై రెండేళ్లలో బుట్ట ఆమె అల్లిందని అతని నోట రావడం ఇదే మొదటిసారి. అది వినాలని ఎన్నేళ్లు ఎదురుచూసిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత లేచి నిలబడింది.

"అవునండీ, అది నేనే అల్లాను," అంది క్లెమెన్సియా గారితో. మాట పెగిలింది. "ఆకు పెట్టడం మర్చిపోయాను. మధ్యలో మా అత్తగారి పక్క మార్చడానికి లేచాను. ఈ బల్ల మీదున్నవి కూడా అన్నీ నేనే అల్లాను. వాటిల్లోనూ పోసి చూద్దాం."

భర్త చేతిలోంచి చెంబు తీసుకుని మొదటి బుట్ట నింపింది. చుక్క కారలేదు.

ప్రాస్పర్ మొహాన నవ్వు చెదరకుండా ఆమె ఎడమ పక్కకు వచ్చి, వంగి, చెవిలో ఏదో అన్నాడు. ఆరేళ్ల కిందట అతని చెంపదెబ్బకే పోయిన చెవి అది. ఏమన్నాడో ఆమెకు వినబడలేదు, కానీ తెలుసు.

లునెట్ రెండో బుట్టలో నీళ్లు పోసింది.