గాలి చాలని మేకులు

నేను ఒక కంప్రెసర్‌ని. గాలిని లోపలికి లాక్కుని, ట్యాంకులో కుక్కి పెట్టుకుని, అడిగినప్పుడు గొట్టం గుండా వదులుతాను. ఆ గాలి దెబ్బకే మేకుల గన్ను చెక్కలోకి మేకును దించుతుంది. గాలి చాలకపోతే మేకు సగంలో ఆగిపోతుంది. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అయినా ఈ పాటి సంగతి తెలుసుకోలేక కొందరు పెద్దమనుషులు ఒక ముసలి వడ్రంగి పరువు తీశారు. నాకు మనుషులంటే ఏమాత్రం గౌరవం లేదని ముందే చెప్పేస్తున్నాను. ఇది విన్నాక మీకూ ఉండకపోవచ్చు.

నన్ను తయారు చేసింది చిన్న పనులకి. సోఫాకి బట్ట బిగించడం, ఫొటోలకి చట్రాలు కట్టడం, గోడ మీద సన్నపు చెక్కపట్టీలు అతికించడం లాంటివి. చిన్న మోటారు, చిన్న ట్యాంకు, పైన పట్టుకోవడానికి ఒక పిడి, ఒళ్ళంతా ఎర్ర రంగు. విశాఖపట్నంలో ఒక కొట్టులో నా పక్కన పెద్ద కంప్రెసర్ ఒకటి ఉండేది. రెండు చక్రాల మీద గేదెలా కూర్చుని, ఆన్ చేస్తే వీధంతా వినిపించేది. దాని మొహం చూడబుద్ధేసేది కాదు నాకు. కానీ ఇళ్ళు కట్టే పెద్ద మేకులకి కావలసింది అదే.

ఒకరోజు శరగడం ముత్యాలనాయుడు వచ్చాడు. నర్సీపట్నం కాంట్రాక్టరు. అప్పటిదాకా మురుగు కాలవలూ, బడి ప్రహరీగోడలూ కట్టినవాడు. లంబసింగి కొండల మీద చలికాలం మంచు చూడటానికి జనం ఎగబడుతున్నారని విని, అక్కడ చెక్క కాటేజీలు కట్టే పని ఒప్పుకున్నాడు. వెంట బామ్మర్ది ఈశ్వర్రావు కూడా ఉన్నాడు. జన్మలో సుత్తి పట్టుకోకపోయినా, ఆ పనికి సూపర్‌వైజరు ఆయనే.

నాయుడు ముందు పెద్దదాని దగ్గరికి వెళ్ళి, దాని చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. తర్వాత నన్ను ఒంటి చేత్తో పైకెత్తాడు. అంతే, మొహం వికసించింది.

"దాన్ని కొండెక్కించాలంటే నలుగురు కూలోళ్ళు గావాల. దీన్నయితే నానే ఎత్తుకుపోతాను," అన్నాడు.

"సౌండు కూడా నేదు బావా. రంగు సూడు," అన్నాడు ఈశ్వర్రావు.

కొట్టు కుర్రాడికి భోజనం వేళ అయింది. "ఏ పనికండీ?" అన్నాడు గడియారం వైపు చూస్తూ.

"మేకులు కొట్టడానికి."

"అయితే సరిపోద్దండి."

ఎంత పొడుగు మేకులో అతను అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. గన్ను ఒక్కో మేకుకి ఎంత గాలి తాగుతుందో, తాగిన గాలిని నేను ఎంతసేపట్లో మళ్ళీ నింపగలనో కనుక్కోవాలన్న ఆలోచనే ముగ్గురికీ రాలేదు. చింతపండు కొనేటప్పుడు కూడా గింజ ఉందా అని విప్పి చూసే జాతి ఇది. యంత్రం కొనేటప్పుడు మాత్రం బరువు చూసి, రంగు చూసి మురిసిపోతుంది.

కొండ మీద పనికి పెద్ద మేస్త్రీ లక్కోజు సోమాచారి. అరవై దాటినవాడు. నర్సీపట్నంలో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేసినవే. సొంత సుత్తి భుజాన వేసుకుని వచ్చాడు. నాయుడు ఆ సుత్తిని పక్కన పెట్టించి గన్ను చేతికిచ్చాడు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చంటిపిల్లాడిలా నవ్వాడు. అప్పుడే ఆయన మీద కూడా నాకు చులకన కలిగింది. అంత పనిమంతుడు కూడా కొత్త వస్తువు చూసి మోసపోయాడు.

పని మొదలుపెట్టేముందు నాకు పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయ కట్టారు. బొట్టు పెట్టడానికి నాయుడికి నా ఒంటి మీద గుండ్రంగా, మొహంలా కనిపించింది ఒక్కటే, గాలి ఒత్తిడి చూపించే మీటరు. దాని అద్దం నిండా పసుపు మెత్తి, నడిమధ్య కుంకుమ దట్టంగా అద్దాడు. ఇక ముల్లు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. మర్నాడు సోమాచారి తడిగుడ్డతో తుడవబోతే నాయుడు గదమాయించాడు.

"బొట్టు సెరపకు ఆచారీ. అరిష్టం."

ముందు లోయ వైపు పెద్ద వరండా కడుతున్నారు. జనం పొద్దున్నే నిలబడి మంచు చూడటానికి. దూలాల మీద సిల్వరోకు చెట్టు పలకలు పరిచి పొడుగు మేకులు దించాలి. మొదటి మేకులు బాగానే దిగాయి. తర్వాతవి సగంలో ఆగాయి. నా పొట్ట ఖాళీ అయిపోయింది, నేను రొప్పుతున్నాను. కాసేపు ఆగితే మళ్ళీ నింపేదాన్ని. ఆగే ఓపిక ఎవరికుంది? చలికాలం వచ్చేలోపు అయిపోవాలని నాయుడు తొందర.

"ఏటి ఆచారీ, మేకులన్నీ తలెత్తి సూస్తన్నాయి?"

"గన్నులో ఏదో తేడా ఉంది బాబూ."

గన్ను మార్చారు. మేకులు మార్చారు. చెక్క మార్చారు. నన్ను తప్ప అన్నీ మార్చారు. నన్ను ఎంచుకున్నది నాయుడు కదా, నాలో లోపం ఎలా ఉంటుంది? చివరికి గన్ను అమ్మినవాడికి ఫోన్ చేస్తే, అతను కూడా నా గురించి ఒక్క ముక్క అడగకుండా సలహా పారేశాడు.

"చేత్తో గట్టిగా నొక్కిపెట్టి కొట్టాలండీ. పట్టు లేకపోతే దిగదు."

అందరూ సోమాచారి చేతుల వైపు చూశారు. అప్పటికి ఇంకా చూపులే. టీ వచ్చింది. అందరూ పొయ్యి దగ్గర కూర్చుని తీరిగ్గా తాగారు. ఆ వ్యవధిలో నేను నా ట్యాంకు నింపుకున్నాను. ఈశ్వర్రావు గ్లాసు పడేసి వచ్చి, "ఇలా తే, నాను సూస్తాను," అని గన్ను అందుకుని వరుసగా మూడు మేకులు కొట్టాడు. మూడూ తలదాకా దిగాయి.

ఈశ్వర్రావు గన్ను భుజానికి ఆనించుకుని ఫొటో తీయించుకున్నాడు. సోమాచారి తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. అందరూ తనకేసి చూస్తుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. ఆయనవీ వణికాయి.

"వయసు బాబూ. నాకే తెలీనేదు," అన్నాడు.

ఆ క్షణంలో ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా తిండి పెట్టిన చేతుల్ని ఒక్క మధ్యాహ్నంలో వదులుకున్నాడు. మేకు దిగకపోతే ముందుగా అడగాల్సింది నన్ను. అడిగే గుణం ఆ కొండ మీద ఒక్కరికీ లేదు, ఆయనకీ లేదు.

నాయుడు చెడ్డవాడేం కాదు. ఆ మాట మీరు అడక్కుండానే ఒప్పుకుంటాను. సోమాచారికి శాలువా కప్పి, "ఇంటికాడ కూకుని రెస్టు తీసుకో," అని తన జీపులోనే దింపి వచ్చాడు. ఈ మర్యాదతోనే ఊరంతా తెలిసిపోయింది, ఆచారి చేతులు పడిపోయాయని. ఆ తర్వాత ఆయన్ని తలుపు గడియ బిగించడానికి కూడా ఎవరూ పిలవలేదట.

మర్నాటి నుంచి గన్ను పట్టింది ఈశ్వర్రావు. ఆయన మేకులూ సగంలోనే ఆగాయి. ఈసారి చేతుల మాట ఎవరూ ఎత్తలేదు. బామ్మర్ది చేతులు కదా. చెక్క పచ్చిదన్నారు, చలికి ఇనుము బిగుసుకుందన్నారు. చివరికి పైకి లేచిన మేకుల్ని అడ్డంగా వంచి, వరండా అంతా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి చాప పరిచారు. వానలకి పలకలు లేచాయి. ఎవరికీ ఏమీ కాకముందే వరండాకి తాడు కట్టి మూసేశారు. నాయుడు నన్ను సగం ధరకి వదిలించుకున్నాడు. అప్పుడు కూడా ఒంటి చేత్తోనే ఎత్తాడు.

నన్ను కొన్నది నర్సీపట్నం బజారులో సోఫాలు బాగుచేసే మస్తాన్‌బీ. ఇంటికి తేగానే కిరసనాయిలు గుడ్డతో నా మీటరు శుభ్రంగా తుడిచింది. కుర్చీలకి బట్ట బిగించే సన్నపు పిన్నులు కొట్టడానికి వాడుకుంటోంది. ఆవిడ కూడా బేరం ఆడిందేగాని నా గొప్ప తెలిసి కొనలేదు. ఏదో, నా పని నాకు దొరికింది.

ఒక సాయంత్రం సోమాచారి వచ్చాడు. కల్యాణ మండపంలో వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. అక్కడి కుర్చీ ఒకటి సీటు చిరిగి, కాలు ఊగుతుంటే మోసుకొచ్చాడు. మస్తాన్‌బీ ఫ్లాస్కులోంచి ఆయనకి టీ సగం గ్లాసు పోసింది.

"ఒలికిపోద్దని బాబాయ్. ఏమనుకోకు," అంది.

ఆయన ఏమీ అనుకోలేదు. అందరూ అలాగే పోస్తున్నారు కాబోలు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతూ నన్ను చూశాడు.

"ఇది నాయుడుబాబుది కదమ్మా? మంచి మిసను. నా సేతులే దీనికి సాలనేదు."

"దీంతో ఏం కొట్టావు?"

"వరండా పలకలకి. పెద్ద మేకులు."

మస్తాన్‌బీ నవ్వింది. "పెద్ద మేకులకి దీనికి గాలెక్కడిది బాబాయ్? మంచం పట్టీకి కొట్టి చూశాను. కాసిని దిగి ఆగిపోయాయి. కాసేపు ఊరుకుంటే మళ్ళీ కాసిని."

సోమాచారి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"టీ తాగొచ్చి కొడితే?"

"అప్పటికి ట్యాంకు నిండుతుంది కదా. ఎవరు కొట్టినా దిగుతాయి."

"ఎవలు కొట్టినా?"

"చిన్నపిల్లలు కొట్టినా దిగుతాయి."

ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. తంతాడనుకున్నాను. తన్నితే బాగుండుననిపించింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి నాతో సరిగ్గా ప్రవర్తించాడని అనుకునేదాన్ని. ఆయన నా మీద చెయ్యి వేసి, మీటరులో ముల్లు వైపు వంగి చూశాడు. మురిపెంగా కాదు, కోపంగానూ కాదు. అక్షరాలు చదువుతున్నట్టు చూశాడు. తర్వాత మస్తాన్‌బీని సుత్తి అడిగాడు.

కుర్చీని బోర్లించి, ఊగుతున్న కాలికి మేకు ఆనించి కొట్టాడు. మూడు దెబ్బలకి తల చెక్కలో కలిసిపోయింది. ఇంకొకటి కొట్టాడు. అదీ దిగింది. కుర్చీని నిలబెట్టి, మీద చెయ్యి ఆనించి ఊపి చూశాడు. కదల్లేదు. నాయుడిని ఒక్క తిట్టు తిట్టలేదు, ఈశ్వర్రావు పేరు ఎత్తలేదు. తిడితే వినాలని నాకు ఎంత కోరికగా ఉందో చెప్పలేను.

కింద పెట్టిన గ్లాసు తీసి మస్తాన్‌బీ ముందుకు చాపాడు, ఒంటి చేత్తో.

"పొయ్యమ్మా. నిండా పొయ్యి."

ఆవిడ ఆయన మొహంకేసి చూసి, అంచుదాకా పోసింది. ఆయన గ్లాసు పైకెత్తాడు. రెండు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. అంత నిండుగా పోస్తే ఎవరికైనా పడతాయి. ఆయన వాటిని తుడుచుకోకుండా, వీధి వైపు చూస్తూ, మొత్తం తాగాడు.