నడుమ గుంజ పాతని ఊరు

గుడియాత్తం నేతవీధి నడుమ ఆరు దీపస్తంభాలు నాటుతారని తెలిసినప్పటినుంచి నేతగాడు ఆదిమూలానికి అన్నం సయించడం లేదు. వెలుతురంటే కిట్టక కాదు. రోజూ తెల్లవారగానే మగ్గానికెక్కించే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెట్టుకోవాలి. నడుమ స్తంభాలు లేస్తే నూలు పరిచేది ఎక్కడ? రెండు అర్జీలు పెట్టినా జవాబు లేదు. మర్నాడే వేలూరు నుంచి ఇంగ్లీషు దొర వచ్చి గుర్తులు వేయిస్తాడట.

మూడో అర్జీ రాయించుకుందామని బడిపంతులు వెంకటాద్రి ఇంటికి వెళ్ళాడు. పంతులు కాగితం వెతుకుతుండగా, బల్లమీది ఇంగ్లీషు పుస్తకంలో ఒక బొమ్మ ఆదిమూలం కంటపడింది. చుట్టూ పెంకుటిళ్ళు, ఒక చర్చి, నడుమ పొడుగాటి పచ్చికబయలు. అది ఇంగ్లండులో ఒక పల్లె అనీ, ఆ బయలు ఊరందరిదీ అనీ, ఐదువందల ఏళ్ళుగా అందులో ఎవరినీ గుంజ పాతనివ్వలేదనీ పంతులు చదివి చెప్పాడు. ఇప్పుడక్కడ గొర్రెలు మేస్తాయట, సెలవునాడు మగవాళ్ళు బంతాట ఆడతారట.

ఆదిమూలం బయలు పొడవును వేళ్ళతో కొలిచాడు.

"వీళ్ళు నేతోళ్ళు, అయివారే."

"మగ్గాల ఊసే లేదయ్యా ఇందులో."

"రాసినాయనకు నేత తెలీదు, అంతే. పడుగుకు కాకుంటే ఇంత చోటు ఊరికే ఎవుడప్పా వదిలిపెట్టేది?"

అర్జీ సంగతి మరిచి, పుస్తకం చంకన పెట్టుకుని పోయాడు.

పొద్దున దొర వచ్చేసరికి ఆదిమూలం పడుగు వీధిలో ఆరుతోంది. మీ ఊళ్ళో పడుగు ఎన్నిగంటలకు సాగదీస్తారో దొరను అడగమని ఆదిమూలం, పుస్తకంలోని బొమ్మ చూపిస్తూ, వెంటబెట్టుకొచ్చిన పంతులును ముందుకు తోశాడు. పంతులు సిగ్గుతో కుంచించుకుపోతూ ఉన్నదున్నట్టు అడిగాడు.

దొర నవ్వలేదు. బొమ్మను చాలాసేపు చూశాడు. తమ ఊళ్ళోనూ అలాంటి బయలు ఉందనీ, వాళ్ళ అవ్వ చిన్నతనంలో అక్కడ ఉన్నిబట్టలు సాగదీసి ఆరబెట్టేవారనీ, తర్వాత మగ్గాలన్నీ మిల్లులు మింగేశాయనీ చెప్పాడు. ఓసారి ఎవరో బయలు నడుమ బెంచీ వేయిస్తే ఊరు మూడేళ్ళు కొట్లాడుకుందట. అప్పుడు మాత్రం నవ్వాడు.

స్తంభాల గుర్తులు గోడలవారకు జరిగాయి. పడుగు తీయమని బండివాడు గదమాయించబోతే దొర వద్దని, గుర్రబ్బండిని పక్కసందులోకి తిప్పించుకుని వెళ్ళాడు.

అంతా విన్నాక, ఆదిమూలం భార్య చౌడేశ్వరికి ఒక్కటే అనుమానం మిగిలింది.

"నేతోళ్ళకు బంతాట యాలనో?"

"గంజి ఆరేదాకా ఏందో ఒకటి చేస్తా ఉండాల గదా" అన్నాడు ఆదిమూలం.