కాయిలు పోయిన మోటారు

ముసలి మోటారుకీ ముసలి మొగుడికీ పొద్దున్నే లేవాలంటే బద్ధకమని నూకాలు ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. ఆ పొద్దున ఎగతాళి చేసే ఓపిక కూడా ఎవరికీ లేదు. వేట నిషేధం ముగిసింది. జాలారిపేట బోట్లన్నీ తెల్లారకముందే సముద్రం మీదికి పోయాయి. ఒడ్డున మిగిలింది ఆమె మొగుడు నాగబాబు బోటొక్కటే. తాడు లాగీ లాగీ అతని భుజం పచ్చిపుండైంది. మోటారు మాత్రం మర్యాదకైనా ఒక్కసారి దగ్గలేదు.

పక్కన నూకాలు తమ్ముడు వాసు నిలబడి ఉన్నాడు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి రమ్మని అతనికి పిలుపొచ్చింది. మర్నాడే చేరాలి. మోటారేమో నిషేధమంతా మూలనే పడి ఉంది. "మోటారు నడిస్తే నీతోనే ఉంటాను బావా, లేదంటే ఎల్తాను" అని రాత్రి అన్నం ముందు కూచుని మాటిచ్చాడు. ఇద్దరు లేందే ఆ బోటు కదలదు. ఒకడు మోటారు పట్టుకోవాలి, ఒకడు వల వెయ్యాలి. మరో మనిషిని చూసుకుందామంటే చేతనైనవాళ్లంతా పెద్ద బోట్ల మీదికో కంపెనీల్లోకో పోయారు.

"ఏటి బావా, పెట్రోలందట్లేదేటి?"

"పెట్రోలు కంపు ముక్కులోకెక్కేత్తంటే అందకపోడమేట్రా? కరెంటు రాట్లేదు."

నాగబాబు ప్లగ్గు విప్పి, తడి తుడిచి, వైరు టోపీ తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించాడు. వాసు తాడు లాగాడు. ప్లగ్గు మొన దగ్గర నీలిరవ్వ పడలేదు. కొత్త ప్లగ్గు పెట్టినా అదే తంతు. వైరు చివర చిలుం పట్టిందేమోనని కోసి మళ్లీ బిగించినా అంతే.

"రవ్వ పుట్టించే కాయిలు పోయిందేమో బావా."

రవ్వ పడని ప్రతిసారీ వాసు అయ్యో అంటున్నాడు గానీ, బిగుసుకున్న అతని భుజాలు కాస్త కిందికి దిగుతున్నాయి. నాగబాబు అది చూశాడు. ఒళ్లు మండింది. కాసేపటికి ఆ మంట కూడా అలిసిపోయింది. వీడికి సముద్రం ఎప్పుడూ పడలేదు. ఇన్నేళ్లూ అక్క మొహం చూసి బోటెక్కాడు, వాంతులు చేసుకుంటూనే వల లాగాడు. ఒక్కసారి కూడా వద్దనలేదు.

"టీ తెత్తానుండు బావా" అని వాసు రోడ్డు మీదికి వెళ్లాడు.

అప్పుడు నాగబాబు కళ్లు మోటారుని ఆపే బటన్ మీద పడ్డాయి. నిన్న నూకాలు గంగమ్మ తల్లికి మొక్కి, మోటారుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ దాని నెత్తినే ధారపోసింది. మొగుడి భోజనానికి లేని శ్రద్ధంతా అక్కడ చూపించింది. బటన్ సందుల్లో పసుపూ కుంకుమా తడిముద్దగా పేరుకుపోయాయి. ఎవరూ నొక్కకుండానే, నొక్కినట్టే, కరెంటంతా ప్లగ్గుకి చేరకుండా ఆ తడిలోంచి కారిపోతోంది. నాగబాబు బటన్ వైరు ఊడదీశాడు. ప్లగ్గుని ఇనుముకి ఆనేలా ఇరికించి తాడు లాగాడు. టప్పుమని నీలిరవ్వ పడింది.

ప్రాణం లేచొచ్చింది. ఒరే వాసూ అని అరవబోయాడు. వాసు అప్పటికే రెండు కప్పులు పట్టుకుని ఇసకలోకి దిగుతున్నాడు. ఉరికంబం దగ్గరికి వస్తున్నవాడిలా కాళ్లీడ్చుకుంటూ, సముద్రం వైపు చూడకుండా వస్తున్నాడు.

"కరెంటొచ్చిందా బావా?"

నాగబాబు ఊడిన వైరుని అరచేత్తో కప్పాడు. "లేదురా. కాయిలే పోనాది. ఈ ముసలిదానికి ఇప్పుడు కాయిలెక్కడ దొరుకుద్ది? నువ్వెల్లిపో."

"అయ్యో బావా" అన్నాడు వాసు. మొహంలో సంతోషాన్ని మాత్రం, పాపం, దాచుకోలేకపోయాడు. "మొదటి జీతం రానీ, ఎక్కడున్నా కాయిలు నానే ఎతికి తెత్తాను." టీ చేతిలో పెట్టి, బట్టలు సర్దుకోవాలంటూ ఇంటికి పరిగెత్తాడు. అంత తేలిగ్గా వాడు పరిగెత్తడం నాగబాబు ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి తమ్ముడి మాట విని నూకాలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "తల్లికి మన మీద కోపమొచ్చిందేటి? పూజలో నానేటి తప్పు సేసాను?"

"తల్లికేటీ కోపం లేదే. ఇకనించి కొబ్బరినీల్లు నాకు పొయ్యి, మోటారుకి పొయ్యకు." బటన్ సందులోని పసుపుముద్దని గోటితో గీకి చూపించాడు. "కరెంటు బాగానే ఉంది."

నూకాలు చెయ్యి కళ్ల దగ్గరే ఆగిపోయింది. "మరి తమ్ముడికి?"

"సెప్పలేదు."

ఆమె తమ్ముడు వెళ్లిన దారివైపు చూసి, మొగుడి పక్కన ఇసకలో కూలబడింది.

"మరి రేపు నీతో ఏటకి ఎవులొత్తారు?"

నాగబాబు చల్లారిపోయిన టీ తాగుతూ, బటన్ సందులో మిగిలిన పసుపుని గీకుతూ కూచున్నాడు.