దారాలు తీసేసిన సీసాలు

ఎలుక చిన్నపేగును గాజుకడ్డీ మీదకి ఎక్కించి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు లోపలివైపును బయటికి తెచ్చేసరికి గోడగడియారం పదిన్నర చూపిస్తోంది. ఇది మూడోది. చిరగకుండా పేగు తిరగెయ్యడం ఆ పరిశోధనశాలలో అతనొక్కడికే చేతనైన పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. అందుకే అందరూ అతన్ని గాజుకడ్డీ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి కూడా చప్పున గుర్తు రాదు.

తిరగేసిన పేగును రెండు కొసలా దారంతో కట్టి, సంచీలా చేసి, చక్కెరనీళ్లలో వేలాడదీస్తారు. ప్రాణం ఉన్నంతసేపు పేగుగోడ బయటి చక్కెరను పట్టి లోపలికి లాక్కుంటుంది. పక్కన ఉప్పు తోడుంటేనే లాగుతుంది, లేకపోతే మొరాయిస్తుంది. పోల్చి చూడ్డానికి ఇంకో సీసాలో మానిటాల్ నీళ్లుంటాయి. అదీ తియ్యనిదే కాని, గోడ దాన్ని దాదాపు దాటనివ్వదు. కొత్తగా చేరినవాళ్లకి గాజుకడ్డీ రెండూ చెరో చుక్క నాకించి నవ్వేవాడు.

“నాలుకని బోల్తా కొట్టించొచ్చమ్మా. పేగు దగ్గర ఆ పప్పులుడకవు.”

చక్కెర సీసాల మెడకి ఎర్రదారం, మానిటాల్ సీసాల మెడకి నల్లదారం కట్టడం అతని అలవాటు. ఈ ఏడు చేరిన పరిశోధకురాలికి అది మోటుగా తోచింది. నిన్న సాయంత్రం దారాలన్నీ కత్తిరించి చెత్తబుట్టలో పడేసి, సన్నటి అక్షరాల చీటీలు అంటించింది. పొద్దున చూసి అతని మనసు చివుక్కుమంది. పైకి అనలేదు. అనే రోజులా ఇవి? పోయిన నెల చెయ్యి వణికి రెండు పేగులు చిరిగితే పెద్దసారు పిలిచి, “ఇంకొక్కటి చిరిగిందంటే ఇక ఇంటికే” అన్నాడు.

ఆ వణుకు ముసలితనం కాదు, చక్కెర జబ్బు. వచ్చి రెండేళ్లయింది. జబ్బుమనిషని తీసేస్తారని భయపడి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ ఉదయం చక్కెర తగ్గించే మాత్ర వేసుకున్నాడు. “తిని పొండి” అని ఆవిడ గుమ్మం దాకా వెంటపడితే, “ఎలుకలు కోసే వేళయింది, క్యాంటీన్‌లో తింటాలే” అన్నాడు. కోశాక పేగు నిమిషాల్లో చచ్చిపోతుంది. నిన్నటి నుంచి పస్తున్న ఎలుకలతో పాటు అతనికీ పస్తే అయింది.

నాలుగోది కట్టేటప్పటికి మెడ వెనక చెమట కారింది. ఐదోదానికి దారం రెండుగా కనిపించింది.

“అమ్మా, ఐదు నిమిషాలు...”

“ఇంకొక్కటే కదా, కానివ్వండి,” అంది పరిశోధకురాలు గడియారం చూసుకుంటూ.

ఆరోది కడ్డీ మీదే పర్రున చిరిగింది.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. చెమటలు, తూలుడు, ముద్దమాట.

“పొద్దున్నే తాగొచ్చారా?”

“లేదమ్మా... కళ్లు...”

“బయటికి వెళ్లండి. పెద్దసారుకి నేనే చెప్తాను.”

తనకి చక్కెర పడిపోయిందన్న ఒక్క మాట అంటే బతికేవాడు. అంటే ఉద్యోగం పోతుందని మింగేశాడు. అది అప్పటికే పోయిందన్న సంగతి ఆ మసకబారిన బుర్రకి తట్టలేదు.

పక్కనున్న సామాన్ల గదిలోకి గోడ పట్టుకుని నడిచాడు. అరలో సీసాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మెడలు తడిమాడు. దారం తగల్లేదు. చీటీల మీద అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. చేతికందిన సీసా మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. తియ్యగా ఉంది. హమ్మయ్య అనుకుని గటగటా సగం తాగి, కింద చతికిలబడ్డాడు. పావుగంటలో చక్కెర గోడ దాటి నెత్తుట్లో కలుస్తుంది. ఆ లెక్క అతనికి కంఠతా వచ్చు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వణుకు ఆగడం కోసం బుద్ధిగా ఎదురుచూశాడు. నోట్లో తీపి అలాగే ఉంది.

అతను ఇంటికి పోయాడనుకున్న పరిశోధకురాలు సాయంత్రం మానిటాల్ కోసం ఆ గదికి వచ్చింది. సీసా సగమైందని ముందు విసుక్కుంది. తర్వాత మూలన కూర్చున్న మనిషి కనిపించాడు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు.

కబురు విని వచ్చిన పెద్దసారు, “పాపం, మంచి చెయ్యి” అని ఒక నిమిషం నిలబడి, సంచుల సంగతి అడిగాడు.

“ఐదూ పనిచేశాయి సార్. చక్కెర బాగా దాటింది,” అంది ఆమె.

ఊడ్చేమనిషి ఆ రోజు రాలేదు. చెత్తబుట్టలో ఎర్రదారాలూ నల్లదారాలూ, అతను వేసిన ముడులు విడకుండానే, ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి.