పచ్చిక మీద పొయ్యి

వంటింటి కప్పు కారుతోందని కోడలు మొత్తుకోవడం మొదలుపెట్టి రెండు వానాకాలాలు దాటాయి. ఆమె భర్త చెబితే విననివాడు కాదు. చక్కగా వినేవాడు, తలూపేవాడు, "చేయిద్దాం, ముందు ఈ ముందువైపు పని కానీ" అనేవాడు. ఆ ముందువైపు పని మాత్రం ఎప్పటికీ అయ్యేది కాదు.

వీధిలో అందరూ అతన్ని చాటుగా ఇస్త్రీ దొర అనేవారు. చెత్తబుట్ట గేటు బయట పెట్టి రావడానికి కూడా మడత నలగని చొక్కా తొడుక్కునే మనిషి. ఇల్లు కూడా తనలాగే కనబడాలని పట్టుబట్టాడు. పాత ప్రహరీ పడగొట్టించి నడుమెత్తు గోడ కట్టించాడు, లోపలి సొగసు రోడ్డు మీద వాళ్ళకి కనబడాలి కదా. గేటు నుంచి గుమ్మం దాకా నల్లరాతి పలకలు పరిపించాడు. వాటికి అటూ ఇటూ, చాపల్లా చుట్టి తెచ్చిన పచ్చిక. ఒక మూల చెక్కలతో ఎత్తైన అరుగు, దానిమీద కొయ్య పందిరి, పందిరి కింద వెదురు కుర్చీలు, వరసగా వేలాడే దీపాలు. సాయంత్రం దీపాలు వెలిగించి, రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి, చేతులు కట్టుకుని తన ఇంటిని తానే చూసుకుని మురిసిపోయేవాడు.

కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీయనిచ్చేవాడు కాదు.

"ఎవరైనా వచ్చినప్పుడు తీద్దాం అమ్మా" అనేవాడు తల్లితో.

"మరి నేనెవర్నిరా?" అని అడిగిందావిడ ఒకసారి. దానికతను నవ్వి, కవరు మీది దుమ్ము తుడిచాడు.

ఇటు వంటింట్లో అత్తాకోడళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. చూరు నుంచి ఒక ధార, సరిగ్గా పొయ్యి నెత్తిన ఇంకో ధార. కోడలు గరిట తిప్పుతుంటే అత్తగారు పక్కన నిలబడి బాణలి మీద పళ్ళెం అడ్డుపెట్టేది. "ఈ ఇంట్లో కూరకి గొడుగు పట్టే ఉద్యోగం నాది" అని ఆవిడే నవ్వేది. కోడలికి నవ్వొచ్చేది కాదు. బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర రోజంతా జనంతో గొంతు చించుకుని వచ్చి, జీతమంతా గేటుకీ గోడకీ ధారపోసి, ఇంట్లో మాత్రం తడినేల మీద కాళ్ళు నానబెట్టుకోవడం ఆమెకి ఎక్కడో కాలేది.

ఒకరోజు ఉదయం కోడలు డిపోకి బయల్దేరుతూ తల దువ్వుకుంటుంటే వంటింట్లో దబ్బుమని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే అత్తగారు నీళ్ళలో పక్కకి ఒరిగి పడివుంది. కుడిచెయ్యి ఒంటికింద నలిగిపోయింది. లేపబోతే కెవ్వుమంది. ఎదురింటావిడ చప్పుడు విని వచ్చి, చూసి, అంబులెన్సుకి ఫోను చేసింది.

బండి వచ్చింది. గుమ్మం దాకా వెనక్కి తెస్తే స్ట్రెచరు మోయడం తేలికని డ్రైవరు గేటు వైపు తిప్పాడు. దొర రెండు చేతులూ బార్లా చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండాగండి! పచ్చిక ఇంకా వేరుపట్టలేదు. చక్రాలు దిగబడిపోతాయి, తొక్కితే పలకలూ కదిలిపోతాయి. స్ట్రెచరు పక్కసందులోంచి తీసుకురండి!"

డ్రైవరు అతని మొహంలోకి చూశాడు. వాదించే సమయం కాదని బండి గేటు బయటే ఆపాడు. పక్కసందు అంటే ఇంటికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత జాగా. అందులో మిగిలిపోయిన రాతిపలకలూ, సున్నం డబ్బాలూ. స్ట్రెచరు ఒరుగుతూ, గోడకి కొట్టుకుంటూ వెళ్ళింది. కొట్టుకున్నప్పుడల్లా అత్తగారు పళ్ళ బిగువున మూలిగింది. వెనకే నడుస్తున్న కోడలికి ఆ మూలుగులు తన ఎముకల్లోనే దిగినట్టయింది.

బండి కదిలాక అత్తగారు కళ్ళు మూసుకునే అడిగింది. "వాడేమంటున్నాడే గేటు దగ్గర?"

"ఏం లేదత్తయ్యా."

"విన్నాన్లే."

మణికట్టు విరిగిందన్నారు. నడుము అదృష్టవశాత్తూ వాచి ఊరుకుంది. కట్టు కట్టి కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచుతామన్నారు. సాయంత్రం దొర పళ్ళు పట్టుకుని వచ్చాడు. తల్లి నుదురు నిమిరాడు, నర్సుతో మర్యాదగా మాట్లాడాడు. తర్వాత పెళ్ళాన్ని వరండాలోకి పిలిచాడు.

"అమ్మని ఆదివారంలోగా పంపించేస్తారంటావా?"

పోనీలే, తల్లి మీద బెంగైనా ఉంది అనుకుంది. "శనివారం పంపుతామన్నారు."

"ఇంకో రెండ్రోజులు ఉంచుకోమని అడుగుదామా? ఆదివారం మా ఆఫీసరుగారు, వాళ్ళావిడా వస్తున్నారు. మన ముందుభాగం చూసి వాళ్ళింటికీ అలాగే చేయించుకుంటారట. ఆ హడావుడిలో అమ్మ మూలుగుతూ..."

మాట పూర్తి కాలేదు. కోడలు లోపలికి వెళ్ళిపోయి తలుపు మూసింది. ఆమెకి అరవాలనిపించింది. అత్తగారి మంచం పక్కన కూర్చుని, అతను తెచ్చిన పళ్ళు కోసి పెట్టింది.

శనివారం అత్తగారు ఇంటికొచ్చింది. ఆదివారం పొద్దున్నే వాన. కోడలు పొయ్యి వెలిగించబోతే పైనుంచి ధార పడి మంట చుయ్యిమని ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. తర్వాత గ్యాసు బండ కట్టేసి, గొట్టం ఊడదీసి, బండని దొర్లించుకుంటూ హాల్లోంచి, గుమ్మంలోంచి, నల్లరాతి పలకల మీదుగా చెక్క అరుగు దాకా తీసుకెళ్ళింది.

అప్పటికి వాన వెలిసింది. దొర పొద్దున్నే పూలకుండీలు కొనడానికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. పొయ్యి వచ్చింది. గిన్నెలొచ్చాయి. ఉప్పు, కారం, నూనె డబ్బాలు నడుమెత్తు గోడ మీద బారుగా కూర్చున్నాయి. తడిసిన మసిగుడ్డలు దీపాల తీగ మీదికెక్కాయి. ఆఖరుకి కోడలు ఒక కుర్చీ మీద ప్లాస్టిక్ కవరు పర్రున చింపి, అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది అత్తగారు.

"వంటిల్లు. ఇక్కడ కారట్లేదు."

ఉల్లిపాయలు వేగే వాసన రోడ్డంతా పాకింది. ఎదురింటావిడ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది. దారిన పోయేవాళ్ళు నడక తగ్గించారు.

దొర చేతిలో కుండీలతో వచ్చి గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఇప్పుడు వాళ్ళొచ్చేస్తారు! తీసేయ్ ఇవన్నీ!"

"ఎక్కడికి తీయమంటారు? చెప్పండి, తీస్తాను."

"లోపలికి!"

"లోపల మీ అమ్మ పడింది. రేపు నేను పడతాను. అప్పుడు నన్నూ ఆ సందులోంచే ఈడ్చుకెళ్ళాలి కదా, మీ పచ్చిక నలక్కుండా!"

"మెల్లగా... జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. వాళ్ళు చూడాలనేగా గోడ పొట్టిగా కట్టించారు!"

ఎదురింటావిడ కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కారు వచ్చి ఆగింది. ఆఫీసరుగారు దిగి, ఎటు చూడాలో తెలియక పందిరి కేసి చూశారు. ఆయన భార్య మాత్రం నేరుగా అత్తగారి కట్టు కేసి చూసింది. "అయ్యో, ఏమైందమ్మా?"

దొర ఏదో సర్దిచెప్పబోయాడు. కోడలు సర్దనివ్వలేదు. టిక్కెట్ల కిటికీ గొంతుతో, ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గించకుండా జరిగిందంతా చెప్పేసింది. ఆఫీసరు భార్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి వంటిల్లు చూసి, తడికాళ్ళతో తిరిగొచ్చింది. వచ్చి తనే ఇంకో కుర్చీ కవరు లాగేసి అత్తగారి పక్కన కూర్చుంది.

"మీ అమ్మగారు పడ్డట్టు ఆఫీసులో ఒక్క మాటైనా అనలేదేమయ్యా? వారమంతా గేటుకి ఏ రంగు వేయించాలనే మాట్లాడావు" అన్నారు ఆఫీసరుగారు.

అప్పుడు అత్తగారు నెమ్మదిగా అంది. "ఒరేయ్, ఆ రోజు నన్ను సందులోంచి మోసుకెళ్తుంటే, నొప్పి చెయ్యి దగ్గర లేదురా."

అతను కుండీలు కింద పెట్టాడు. తల్లి కేసి చూడలేక, లోపలికి వెళ్ళలేక, ఇస్త్రీ చొక్కాతో రోడ్డంతా చూస్తుండగా అక్కడే నిలబడిపోయాడు. కోడలికి జాలి వేసిందా అంటే, వేయలేదు. ఆమె పళ్ళేలు తెచ్చి అందరికీ వడ్డించింది. అతనికీ ఒకటి పెట్టింది కానీ తినమని పిలవలేదు.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. కప్పు ఊడదీసి కొత్తది వేసేదాకా వంట పందిరి కిందే సాగింది. దొర రెండుసార్లు గిన్నెలు తోమాడు. ఒకనాడు పక్కగదిలో తల్లితో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే గోడ ఇవతల కోడలు విన్నది. క్షమించమన్న మాట మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. అత్తగారి చెయ్యి అతుక్కుంది కానీ పట్టు పూర్తిగా రాలేదు. బరువు గిన్నె ఎత్తబోతే ఇప్పటికీ వేళ్ళు వణుకుతాయి. అది కనబడిన ప్రతిసారీ కోడలు గిన్నె తనే అందుకుని, దొర కేసి ఒక్క చూపు చూస్తుంది.

కొత్త వంటింట్లోకి సామాను చేర్చిన రోజు, దొర గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఇంకా కోపమేనా?"

"ఉంది."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు. తగ్గితే చెప్తాను" అంది కోడలు, పప్పుల డబ్బా అతని చేతికందిస్తూ. "పై అర మీద పెట్టండి. అత్తయ్య బరువెత్తబోకుండా, నాకు మాత్రమే అందేటట్టు."